తువ్వాలు కింద నా ధర

ఈమధ్య నాకు పోస్టులో కవితా సంపుటాలు తెగ వస్తున్నాయి. రిటైరైన లైబ్రేరియన్ అంటే పుస్తకాలు ఊరికే పుచ్చుకొని, మొహమాటంతో చదివి, నాలుగు మంచిమాటలు రాసి పంపే మనిషి అని ఎవరో ప్రచారం చేసినట్టున్నారు. చాలా పుస్తకాల్లో కవి మొదటి పేజీలోనే తాను పురుగునని, పిరికివాడినని, అద్దంలో మొహం చూసుకోలేని వికారినని ఒప్పేసుకుంటాడు. వెనక అట్ట తిప్పితే ఆ పురుగుకు జరిగిన సన్మానాలన్నీ వరసగా ఉంటాయి. ఎగతాళి చేస్తున్నానని కోపం తెచ్చుకోకండి. ఆ వ్యాపారం నేనూ చేసినవాణ్నే. అందులో తిన్న దెబ్బ ఒకటి మీకు చెబుతాను. మీకు పనికొస్తుందని కాదు. ఉచితంగా ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

నేను పుట్టి పెరిగింది జహీరాబాద్ గంజ్‌లో, మా అడ్తి దుకాణం వెనక గదిలో. న్యాల్‌కల్ వైపు నుంచి రైతులు అల్లం తెచ్చి మా ముందు కుప్ప పోసేవాళ్లు. కొనేవాళ్లు బొంబాయి రోడ్డు మీద లారీ ఆపుకొని వచ్చేవాళ్లు. ఇద్దరి మధ్య నిలబడి బేరం కుదర్చడం మా నాయిన పని. కొనడానికి వచ్చినవాడు ఒక అల్లం కొమ్ము విరిచి, పీచు చూసి, "గిది అల్లమా, పొయ్యిల కట్టెనా?" అని మొహం చిట్లిస్తే, ఆ కుప్ప అతనికి బాగా నచ్చిందని అర్థం. "మంచిగున్నది, మంచిగున్నది" అని మెచ్చుకొని వెళ్లిపోయినవాడు మళ్లీ కనబడడు. నాకు అక్షరాల కంటే ముందు వచ్చిన చదువు ఇది.

అసలు ధర మాత్రం ఎవరూ నోటితో చెప్పరు. మా నాయిన భుజం మీది తువ్వాలు తీసేవాడు. కొనేవాడి చెయ్యి, ఆయన చెయ్యి ఆ తువ్వాలు కిందికి పోయేవి. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత, కణుపు నొక్కితే అంత అని ఒక లెక్క. పైన ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటుంటారు. కింద వేళ్లు కొట్లాడుకుంటుంటాయి. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. బేరం కుదిరాక కూడా దాన్ని బయటపెట్టే రివాజు లేదు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను డెబ్బైల చివర్లో ఊరి శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం సంపాదించాను. గంజ్‌లో ఎవరైనా "పెద్దోడు ఏం చేస్తుండు?" అని అడిగితే మా నాయిన, "పుస్తకాల కాడ కూసుంటడు" అనేవాడు. ఎండబెట్టిన వడియాల దగ్గర కాకులు రాకుండా ఒకరిని కూర్చోబెడతారు చూడండి, ఆ గొంతుతో. మంచి అనేవాడు కాదు, చెడు అనేవాడు కాదు. ప్రతి వస్తువుకూ చూపుతోనే ధర కట్టగలిగిన మనిషి నాకు ఎంత కట్టాడో ఎన్నడూ తెలియనివ్వలేదు. ఇరవై దాటిన ఏ కొడుకుకైనా ఇది కవిత్వం రాయడానికి చాలినంత కారణం.

సరిగ్గా అప్పుడే కాలేజీకి కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరర్ మా లైబ్రరీ చదువుల గదిలో ఆదివారం కవుల కూటమి మొదలుపెట్టాడు. విదేశాల్లో కవులు తమ ఇంటి గుట్టు, ఒంటి జబ్బు, మనసులోని కుళ్లు దాచకుండా రాసేస్తున్నారని ఆయన ఎక్కడో చదివాడు.

"ఇకపై లోకం మీద పడి ఏడవడం ఆపాలి. ఎవరి లోపలి మురికిని వాళ్లు బయటపెట్టాలి," అన్నాడు.

మురికి విషయంలో మా ఊరికి కొరత లేదు కాబట్టి కూటమి వెంటనే పుంజుకుంది. అందరికంటే ముందు బ్యాంకు గుమాస్తా బయటపడ్డాడు. మెత్తటి మనిషి. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. పోయిన ఆదివారం దాకా వెన్నెల మీద రాసినవాడు ఈ ఆదివారం "నేను చచ్చిన పామును" అని చదివాడు. చదివి తల వంచుకొని కూర్చున్నాడు. మేమంతా "అయ్యో, ఎంత మాట! మీలాంటి సున్నితమైన మనిషి..." అని ఆయన మీద పడ్డాం. ఆయన మొహం చాయలో నానిన బిస్కట్‌లా మెత్తబడింది.

నాకు అప్పుడే వెలిగింది. ఇది గంజ్ బేరమే, కాకపోతే తలకిందులైనది. అక్కడ కొనేవాడు సరుకును తిడతాడు, ధర దిగడానికి. ఇక్కడ అమ్మేవాడే తనను తాను తిట్టుకుంటాడు, ధర ఎక్కడానికి. కాదు కాదు అని ధర పైకి పాడడానికి కొనేవాళ్లు చుట్టూ సిద్ధంగా ఉంటారు. ఎవరైనా పాడకుండా ఊరుకుంటే వాళ్ల కవితకు వచ్చే ఆదివారం మనమూ ఊరుకుంటాం. ఇంత శుభ్రమైన వ్యాపారం నేను గంజ్‌లో కూడా చూడలేదు.

ఇక నేను ఆగుతానా? ఏ పాపానికి ఎంత గిరాకీ ఉందో రెండు మూడు వారాలు గమనించాను. అసూయ, సోమరితనం లాంటివి చిల్లర సరుకు. వాటికి "ఫరవాలేదులెండి" కంటే ఎక్కువ రాదు. దొంగతనం బాగా పలుకుతుంది. తాగుడు ఎప్పుడూ నిలకడగా ఉంటుంది. ఆడమనిషిని వంచించడం అన్నిటికంటే పై రకం. ఈ మూడూ కలిపి, పాదం తూగడానికి పిరికితనం, బద్ధకం కూడా చేర్చి ఒక పెద్ద కవిత తయారుచేశాను. తండ్రి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాను. సారా ఏటిలో ఈదాను. చిరాగ్‌పల్లి దారిలో ఒక అమాయకురాలిని మోసం చేశాను.

నిజం కావాలంటే చెబుతాను. చిరాగ్‌పల్లి దగ్గర ఒక పెద్దామె బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే, తెలియదనడానికి నామోషీ అనిపించి ఏదో వేళ చెప్పాను. ఆమె పాపం చాలాసేపు నిలబడింది. మిగతా రెండు పాపాలకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఆ కవిత మా కూటమిలో రాజ్యమేలింది. లెక్చరర్ కళ్లు తుడుచుకున్నాడు. బ్యాంకు గుమాస్తా ఈర్ష్యతో నల్లబడ్డాడు. గంజ్‌లో ఎవరికీ కానివాణ్ని ఇక్కడ గొప్ప పాపిగా వెలిగిపోయాను.

ఇంతలో లైబ్రరీకి ముప్పు వచ్చింది. మేమున్న గది యజమాని అక్కడ హోటల్ పెడతానని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. జిల్లా ఆఫీసుకు రాస్తే, ఊళ్లో ఇంకో చోటు చూసుకోకపోతే పుస్తకాలన్నీ సంగారెడ్డికి తెప్పించుకుంటామని, నన్ను ఇంకెక్కడికైనా పంపుతామని జవాబు వచ్చింది. ఊరంతా తిరిగాను. తగిన చోటు ఒకటే కనబడింది, గంజ్‌లో వర్తక సంఘం వారి పై గది. పెద్దది, గాలి వస్తుంది, కింద దుకాణాలు.

సంఘానికి అధ్యక్షుడు పప్పుల వ్యాపారి. వాళ్ల పెద్దలు బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని.

"ఏనప్పా, ఊకెనే గది ఇయ్యమంటె మా సంఘపోళ్లు ఇస్తరా?" అన్నాడు. "నీ లైబ్రరీల ఏముంటదో, నువ్వేం పని చేస్తవో ఒక్కపారి ఈడ జూపియ్యి. అందరు జూసి మంచిగుందంటె తాళంచెయ్యి నీదే."

సరుకు చూపించమన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? గ్రంథాలయ వారోత్సవాలు దగ్గర పడ్డాయి. గంజ్ ముంగిట్లోనే కవి సమ్మేళనం పెట్టి, మా ఊరి అగ్రశ్రేణి సరుకంతా అక్కడ దించుతానన్నాను. వర్తకులకు ఏ సరుకు చూపించాలో వర్తకుడి కొడుకుగా నాకు తెలియాలి కదా. తెలియలేదు. చప్పట్లు కొన్నాళ్లు తింటే ముక్కు మూసుకుపోతుంది.

ఆ సాయంత్రం గంజ్ నిండా అల్లం వాసన. కొత్త పంట కుప్పలు ఒక పక్కకు నెట్టి, బస్తాల మీద దుప్పట్లు పరిచి వర్తకులను కూర్చోబెట్టాం. కాకా ముందు వరసలో ఉన్నాడు. మా నాయిన వెనకాల తన దుకాణం అరుగు మీదనే ఉన్నాడు. ఆయన చేతిలో అల్లం ఉంది, మట్టి రాలుస్తున్నాడు. కవిత్వం వినడానికి పని ఆపాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు.

లెక్చరర్ ప్రారంభోపన్యాసం లారీ హారన్లలో కలిసిపోయింది. తరవాత బ్యాంకు గుమాస్తా మైకు అందుకున్నాడు. నా కవిత దెబ్బకు ఆయన కొత్తది రాసుకొచ్చాడు. "నా చేతులు మురికివి, నా లెక్కలన్నీ అబద్ధాలు, నన్ను నమ్మినవాళ్లు పిచ్చివాళ్లు" అని వణికే గొంతుతో చదివి, అలవాటు ప్రకారం తల వంచుకొని నిలబడ్డాడు. ఎవరూ "అయ్యో" అనలేదు. మూడో వరసలో చింతపండు వ్యాపారి లేచాడు.

"సారూ, ఎవల కాతల గోల్‌మాల్ అయిందో జర అదిగూడ జెప్పున్రి."

"అబ్బే, అది కవిత్వమండీ. అంతరాత్మ గురించి..."

"అంతరాత్మ సంగతి మీ ఇంట్ల చూసుకోన్రి. రేపు పొద్దుగాల్ల నేనొస్త, నా కాత జూపియ్యాలె."

"నాది గూడ," అన్నారు ఇంకో నలుగురు. గుమాస్తా మైకు వదిలేసి దిగిపోయాడు.

తెలివైనవాడైతే ఇక్కడ ఆగి, జేబులో ఉన్న కవిత నమిలి మింగి, విద్య గొప్పతనం మీద రెండు ముక్కలు చెప్పేవాడు. నేను మాత్రం గుమాస్తా సరుకు నాసిరకం కాబట్టి పోలేదనుకున్నాను. నాది చూస్తే వీళ్లు కరిగిపోతారనుకున్నాను. మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకొని, గల్లా నుంచి చిరాగ్‌పల్లి దాకా ఒక్క పాపం కూడా వదలకుండా గంట కొట్టినట్టు చదివాను. చదివి నేనూ తల వంచుకున్నాను.

కళ్లు తెరిస్తే తలలు ఊగుతున్నాయి. కాదు అని అడ్డంగా కాదు, అవును అని నిలువుగా. ఒక ముసలి వర్తకుడు పక్కవాడితో, "పాపం, పిలగాడు నిజం ఒప్పుకున్నడు," అంటున్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు కూడా ఉంది, అదీ ఘోరం.

కాకా లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, నీ నోటితోటి నువ్వే చెప్తివి. నాయిన గల్లాలనే చెయ్యి పెట్టినోనివి. మా పై గది తాళంచెయ్యి నీకెట్ల ఇయ్యాలె? కింద మా గల్లాలు లేవా?"

"కాకా, అది నేను కాదు. కవితలో నేను వేరు."

"మరి ఎవలు? పేరు చెప్పు, ఆయనకు గూడ గంజ్‌లకు రావద్దని చెప్త."

లెక్చరర్ నన్ను ఆదుకోవడానికి మైకు లాక్కున్నాడు. "అయ్యా, కవి 'నేను' అన్నప్పుడు అది ఒక్క మనిషి కాదు. అందులో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. అది సమస్త మానవజాతి."

"అంటే మేమందరం గల్లాలల్ల చేతులు వెట్టినమా?"

ఇక అరుపులు. ఒకాయన చెప్పు వెతుక్కుంటున్నాడు, వెళ్లిపోవడానికో ఇంకెందుకో తెలియలేదు. లైబ్రరీ నా కళ్ల ముందే లారీ ఎక్కి సంగారెడ్డికి పోతోంది. కాకా చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి నా వైపు తిరిగాడు.

"సరే, అదంత వట్టిదే అంటున్నవ్ గదా. అట్లయితె నువ్వెట్లాంటోనివో ఉన్నదున్నట్టు చెప్పు. మంచోనివా? పని మంచిగ జేస్తవా? నమ్మొచ్చునా? గంతే. చెప్పు, ఇచ్చేస్త."

చిన్న ప్రశ్న. నేను మైకులోకి నోరు తెరిచాను. నేను నమ్మదగినవాణ్ని, నా పని నాకు వచ్చు. ఇంతే అనాలి. రాలేదు. దొంగనని, తాగుబోతునని గుక్క తిప్పుకోకుండా అరిచిన గొంతు ఈ రెండు ముక్కల దగ్గర పట్టేసింది. ఎదురుగా నన్ను నిక్కర్ల నాటి నుంచి ఎరిగిన మనుషులు. వెనకాల అరుగు మీద మా నాయిన. నేను మంచివాణ్ని అంటే ఆయన నవ్వుతాడేమోనని భయం. తమాషా ఏమిటంటే, దొంగనన్నప్పుడు ఆ భయమే లేదు.

మైకు గుర్రుమంటోంది. కాకా నా మీద ఆశ వదులుకొని వెనక్కి చూసి పిలిచాడు. "అన్నా! జర ఇటు రా. నీ కొడుకు సంగతి నువ్వు చెప్పు."

మా నాయిన చేతుల మట్టి దులుపుకొని, కుప్పల మధ్య నుంచి తీరుబడిగా నడిచి వచ్చాడు. మైకు వైపు చూడను కూడా లేదు.

"గల్లా సంగతి వట్టిదే సేటూ. నా గల్లాల చెయ్యి వడితె నాకు తెల్వదా? వీనికి ఆ గల్లా మూత తెరుసుడే రాదు, వేలు నలగ్గొట్టుకుంటుండె."

ఎవరో కిసుక్కుమన్నారు.

"తాగుడంటవా, ఒక్కపారి కల్లు తాగిండు. వారం దినాలు మజ్జిగ మీదనే ఉన్నడు. వాళ్లమ్మ నన్ను తిట్టింది."

"మరి ఆ చిరాగ్‌పల్లి ఆమె?" అన్నాడు చింతపండు వ్యాపారి, కొంచెం ఆశగా.

"ఆడోళ్లు దుకాణంలకొస్తె బస్తాలెనుక దాసుకునేటోడు. వీడేం మోసం జేస్తడు? అంత శక్తి యాడిది?"

గంజ్ అంతా గొల్లుమంది. నా పై రకం సరుకు మూడు మాటల్లో మట్టి రాలినట్టు రాలిపోయింది. అయిపోయిందనుకున్నాను. మా నాయిన, న్యాయంగా ఉండాలనుకున్నట్టున్నాడు, మళ్లీ అందుకున్నాడు.

"పిరికోడు. అది నిజమే. బద్ధకం గూడ నిజమే. పొద్దుగాల్ల లేపుడంటె ఎడ్లను లేపినట్టే."

పాదం తూగడానికి వేసిన ఆ రెండూ నా కవితలో ఎవరి కంటికీ ఆననివి. తరవాత నా కవిత్వం మీద పెద్దవాళ్లు సమీక్షలు రాశారు. ఇంత సూటిగా గట్టిసరుకు, తాలు వేరుచేసిన విమర్శకుణ్ని మళ్లీ చూడలేదు.

కాకా నవ్వు ఆపుకొని, "మరి పని?" అన్నాడు.

"పుస్తకం చినిగితె అన్నం మాని అతికిస్తడు. తీస్కపోయినోడు తేకుంటె వాని ఇంటి ముంగట పోయి నిలవడతడు. లోపలికి పోడు, పిరికోడు గదా. నిలవడతడు."

ఇది ఆయన ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

"జమానత్ ఉంటవా అన్నా? ఏమన్న పోతె నీ మీద వస్తది."

"ఉంట."

"ఎంతకు?"

మా నాయిన భుజం మీది తువ్వాలు తీశాడు. కాకా చెయ్యి చాపాడు. రెండు చేతులూ కిందికి పోయాయి.

గంజ్‌లో పుట్టి పెరిగినవాణ్ని, వేల బేరాలు చూసినవాణ్ని. కానీ తువ్వాలు ఇవతల సరుకుగా నిలబడటం అదే మొదలు. అల్లానికి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మా నాయిన లారీల వైపు చూస్తూ, "ఈ యేటి వానలు ఎనుకకు వడ్డయి," అన్నాడు. కాకా, "హౌ, కంది గూడ గట్లనే ఉన్నది," అన్నాడు. గుడ్డ ఒకసారి కదిలింది. కాకా కనుబొమలు పైకి లేచాయి. మా నాయిన మొహంలో మాత్రం ఒక్క గీత కదలలేదు. గుడ్డ ఇంకోసారి కదిలి ఆగింది. నా గురించి నేను మైకులో అరిచింది ఊరంతా విన్నది. అసలు సంగతి ఇద్దరే విన్నారు.

కాకా చెయ్యి తీసుకొని, "తాళంచెయ్యి ఇయ్యున్రి," అన్నాడు.

లైబ్రరీ ఊళ్లోనే ఉండిపోయింది, నేనూ ఉన్నాను. బ్యాంకు గుమాస్తా మరుసటి రోజంతా వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఖాతాలు చూపించి, సాయంత్రానికి వెన్నెల మీదికి మళ్లాడు. వెన్నెల ఎవరినీ పాస్‌బుక్కు అడగదు. లెక్చరర్ వర్తకవర్గానికి కవితా హృదయం లేదని ఒక వ్యాసం రాశాడు. దాన్ని ఆ పై గదిలోనే, వర్తకుల ఫ్యాను కింద కూర్చొని రాశాడు. కూటమి కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. తిట్టుకుంటే నమ్మేవాళ్లు కింద అంతస్తులోనే ఉన్నారన్న ఎరుక మా ప్రతిభకు సరిపడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను. "నాయినా, తువ్వాల కింద ఎంత చెప్పినవ్?"

ఆయన తినడం ఆపలేదు. "సరుకుకు ధర చెప్తరార ఎవలన్న?" అన్నాడు.

పోయేదాకా చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. పిరికివాణ్ని కదా, సాక్ష్యం కూడా ఉంది.

రిటైరైన రోజున పై గది తాళంచెయ్యి కొత్తగా వచ్చిన అమ్మాయికి అప్పగించి, మెట్లు దిగి కాకా దుకాణంలోకి పోయాను. చూపు బాగా తగ్గింది ఆయనకు. గొంతు గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగేశాను.

"కాకా, ఆ రోజు మా నాయిన ఎంత చెప్పిండు?"

"ఏనప్పా, పుస్తకాలు గిన్ని చదివినవ్, గంజ్ రివాజ్ మరిచినవా? అది చెప్పేది గాదు," అన్నాడు. తరవాత ఏమనుకున్నాడో ఒళ్లోని తువ్వాలు విప్పి చెయ్యి చాపాడు. "నువ్వే చెప్పు. గిప్పుడు నీకు నువ్వు ఎంత కడ్తవ్?"

చెయ్యి కిందికి పెట్టాను. ఎండిన, వెచ్చని వేళ్లు. ఈసారి మైకు లేదు, చప్పట్లు లేవు, తల వంచుకుంటే చూసే కళ్లు కూడా లేవు. నేను ఎంతైనా గంజ్ పిల్లవాణ్ని. ఎప్పటి అలవాటు ప్రకారమే బాగా కింద నుంచి మొదలుపెట్టి, ఆయన వేలి కొసను ఊరికే అలా తాకాను.

కాకా నా చెయ్యి మీద చురుక్కుమనేలా ఒకటి కొట్టి, తువ్వాలు లాగేసుకున్నాడు.

"మీ నాయిన గింత కిందికెల్లి మొదలువెట్టలే."

ఎక్కడి నుంచి మొదలుపెట్టాడో, ఎక్కడ ఆపాడో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. బేరమాడుతున్నానని అనుకుంటాడు.